నలభై రోజుల సంతకం

"మంచం వెనకగదిలోనే," అని కూతురు నాలుగోసారి తేల్చి చెప్పింది.

"అక్కా, వెనకగదిలో గాలాడదు. హాల్లో వేద్దాం. అందరికీ కళ్ళ ముందుంటుంది," అన్నాడు కొడుకు, తనూ నాలుగోసారే.

"హాల్లో వేస్తే వచ్చేపోయేవాళ్ళ దుమ్మంతా ఆ కంట్లోనే పడుతుంది. ఆపరేషన్ చేసిన కన్ను నలభై రోజులు పసిపిల్లని చూసినట్టు చూడాలన్నాడు డాక్టరు. నువ్వు విన్లేదా?"

"విన్నాను. వెనకగదిలో మాత్రం దుమ్ము లేదా? సగం గది పాత అట్టలే."

"అవి తీసి అవతల పారేస్తే సరి."

ముందు గది గుమ్మంలో నిలబడి ఆవిడ వింటోంది. మంచం ఆవిడది, కన్ను ఆవిడది, అట్టలూ ఆవిడవే. చేతులకంటిన పిండి జిగురు ఎండిపోయి వేళ్ళు బిగుసుకుంటున్నాయి. ఏప్రనుకి తుడుచుకుంటూ, "ముందు గదిలో వెయ్యండి. కుట్టు చట్రం పక్కన చోటుంది," అంది.

గోడ మాట్లాడినట్టు ఇద్దరూ తిరిగి చూశారు.

"నువ్వూరుకోమ్మా, నీ గురించేగా మాట్లాడుకుంటున్నాం," అంది కూతురు.

"అందుకే ఊరుకోలేకపోతున్నా."

వంటింట్లోంచి కోడలి నవ్వు కిసుక్కుమని వినబడి, వెంటనే పంపు చప్పుడులో కలిసిపోయింది.

వీధిలో అందరూ ఆవిణ్ణి బైండింగమ్మ అంటారు. ఇంటి ముందు గదే ఆవిడ బైండింగ్ షాపు. ఒక గోడ పొడుగునా కత్తిరించే మిషను, దాని పక్కన ఇనప ప్రెస్సు, కిటికీ కింద కుట్టు చట్రం, మధ్యలో జిగురు మరకలతో అట్ట కట్టిపోయిన పెద్ద బల్ల. ఆ బల్ల మీద ఇప్పుడు కాలేజీవాళ్ళ పరిశోధన గ్రంథాలు నూటఇరవై, కుట్టని ఫారాలుగా, అంటే మడత పెట్టిన కాగితాల కట్టలుగా, దొంతర్లు కట్టి ఉన్నాయి. నెలాఖరుకి అందించాలి. ఈలోగా గురువారం ఆపరేషను.

"మంచం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు అల్లుడు. అంతదాకా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఫోను చూసుకుంటూ, ఇద్దరినీ అలిసిపోనిచ్చాడు. ఆయన పద్ధతే అంత. ఏ ఆఫీసులో ఏ కిటికీ వెనక ఎవరు కూర్చుంటారో, వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారో, అన్నీ ఆయనకి తెలుసు. ఇంట్లో ఏ పని వచ్చినా 'బావని అడుగుదాం' అంటాడు కొడుకు. "అసలు పని ఇదీ అత్తయ్యగారూ," అంటూ సంచీలోంచి ఓ ఫైలు తీశాడు.

అందులో నాలుగు కాగితాలున్నాయి. మొదటిది స్టాంపు కాగితం. మిగతా మూడూ ఆకుపచ్చ రంగువి. మూలన పిన్ను కొట్టి ఉంది.

"పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. నలభై రోజులు మీరు బయటికి కదలకూడదు. కాలేజీకి సరుకు అందించాలి, రసీదు మీద సంతకం చెయ్యాలి. మున్సిపల్ ఆఫీసులో షాపు లైసెన్సు తిరగరాయించాలి, దానికి మనిషి స్వయంగా వెళ్ళాలి. మీరు వెళ్ళలేరు. మీ బదులు నేను వెళ్తాను. అంతే."

"మా అబ్బాయున్నాడుగా," అంది ఆవిడ.

"నాకెక్కడ కుదురుతుందమ్మా! సెలవడిగితే మా మేనేజరు నా మొహం కేసి చూడ్డు," అన్నాడు కొడుకు, తన మొహం తను కిటికీ వైపు తిప్పుకుని.

అల్లుడు నాలుగు పేజీలూ చదివాడు. చక్కగా, తొందరలేకుండా, వార్తలు చదివేవాడిలా చదివాడు. మొదటి పేజీలో ఎవరు ఎవరికి ఇస్తున్నారో. రెండో పేజీలో కాలేజీ సరుకు. మూడో పేజీలో లైసెన్సు, ఆసుపత్రి కాగితాలు. నాలుగో పేజీలో సంతకాలకీ సాక్షులకీ చోటు. ఆవిడ తల వంచుకుని విన్నది. ఎడమ కంట్లో సగం మబ్బు, కుడి కంట్లో పూర్తి మబ్బు. ఆ అక్షరాలు ఆవిడకి చీమల బారుల్లా ఉన్నాయి.

"ఇది ఎన్నాళ్ళు?"

"మీ కన్ను బాగయ్యేదాకానే అత్తయ్యగారూ."

"అలా అని ఉందా అందులో?"

"అది రాయక్కర్లేదండీ. అందరికీ తెలిసిందేగా!"

కూతురు, "బానే ఉంది కదమ్మా," అంది. కొడుకు ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. అల్లుడు కాగితాలు మళ్ళీ ఫైల్లో పెట్టుకుని, రేపు ఫొటో అంటించి తెచ్చిస్తానని, బుధవారం సాయంత్రం నోటరీ దగ్గరికి తనే కార్లో తీసుకెళ్తానని చెప్పాడు.

మంచం సంగతి ఆవేళ తేలలేదు.

సోమవారం పొద్దున ఆవిడ కుట్టుపనిలో ఉండగా ఎవరో కుర్రమనిషి, మెళ్ళో గుర్తింపు కార్డుతో, ముందు గది గుమ్మంలోకి వచ్చి టేపు లాగాడు. గుమ్మం వెడల్పు కొలిచాడు. గోడ కొలిచాడు. ప్రెస్సు అడ్డం వస్తే, "ఇది కదులుతుందా ఆంటీ?" అని అడిగాడు.

"మా ఆయన, నేను, ఇంకో అయిదుగురు కలిసి లోపల పెట్టాం. నువ్వొక్కడివీ కదిలిస్తావా?"

"అబ్బే, ఊరికే అడిగాను."

"ఎందుకు కొలుస్తున్నావు?"

"గ్రిల్లుకండీ. మీ అల్లుడుగారు చెప్పారు."

గ్రిల్లు కిటికీకి పెడతారు. ఇతను వెనక గోడ దాకా వెళ్ళి, కప్పు ఎత్తు కూడా కొలుచుకుని వెళ్ళాడు. ఆవిడ సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చూపు తగ్గిన దగ్గర్నించీ ఆవిడ కుట్టేది వేళ్ళతోనే. ఎడమచేతి చూపుడువేలు ఫారం మడతలోకి పోనిచ్చి, లోపలి కంత మీద గోరు ఆనించి, సూదిని గోటి దగ్గరికి రప్పించుకుంటుంది. దారం బిగువు చెవితో వింటుంది. ఒక్కో పుస్తకం కుట్టడం పూర్తయ్యాక వెన్ను మీద బొటనవేలు పైనుంచి కిందికి రాస్తుంది. ఎక్కడైనా ఫారం ఎక్కువైనా తక్కువైనా ఆ వేలు అక్కడ ఆగుతుంది.

సాయంత్రం అల్లుడు వచ్చి ఫైలు బల్ల మీద పెట్టాడు. "ఫొటో అంటించా. నిన్న చదివేశాం కాబట్టి మళ్ళీ చదవక్కర్లేదు. బుధవారం అయిదింటికి తయారుగా ఉండండి," అని, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున అట్టలకి జిగురు పూయడానికి బల్ల ఖాళీ చేస్తుంటే ఫైలు చేతికి వచ్చింది. ఏ కాగితాలు చేతికొచ్చినా నిలబెట్టి బల్లకేసి రెండు సార్లు తట్టి సమం చెయ్యడం ఆవిడ అలవాటు. తట్టింది. బొటనవేలు మూల మీద రాసింది. వేలు ఆగింది.

ఇంకోసారి రాసింది. ఆ మూల పిన్ను పక్కన మరో జత కంతలున్నాయి. ఒకసారి కొట్టిన పిన్ను ఊడదీసి, మళ్ళీ కొట్టారు. అందులో వింత లేదు, ఫొటో అంటించడానికి ఊడదీసి ఉంటారు. ఆవిడ ఒక్కో కాగితమే వేళ్ళ మధ్య పెట్టి చూసింది. మొదటి దానికి రెండు జతలు. రెండో దానికి రెండు జతలు. నాలుగో దానికీ రెండే. మూడో దానికి ఒక్క జత.

మూడో కాగితం విడిగా పట్టుకుని నెమ్మదిగా వంచింది. ఏ కాగితమైనా ఒక దిక్కున మెత్తగా వంగుతుంది, ఇంకో దిక్కున మొండికేస్తుంది. మిగతా మూడూ నిలువుగా వంగాయి. ఇది అడ్డంగా వంగింది. ఆ కట్టలోది కాదు. వేరే కట్టలోంచి తెచ్చింది.

కోడలు ఓ మందుల షాపు కౌంటర్లో పని చేస్తుంది. డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా. ఇది చదివి పెట్టు."

"ఆదివారం చదివారు కదత్తయ్యా?"

"నువ్వు చదువు. మూడో పేజీ ఒక్కటి చాలు. డాక్టరు చీటీ చదివినట్టు చదువు."

కోడలు చెయ్యి తుడుచుకుని వచ్చింది. డాక్టర్ల గీతలు చదివీ చదివీ ఆ పిల్లకి ఓ అలవాటు, ఒక్క అక్షరం వదలదు. పాలపొడి డబ్బా మీద రాతైనా చివరిదాకా చదివి గానీ కింద పెట్టదు. చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గొంతు నెమ్మదించింది, కానీ ఆగలేదు.

"'...నా పేర సంక్రమించిన సదరు ఇంటినీ, ఇంటి ముందు గదినీ, అమ్ముటకు, తనఖా పెట్టుటకు, ఎంత కాలమునకైనను లీజునకు ఇచ్చుటకు, అందుకు సంబంధించిన పత్రములపై నా తరఫున సంతకము చేయుటకు, లోపలి యంత్ర సామగ్రిని తొలగించుటకు, తన బదులు మరొకరిని నియమించుటకు...'" తలెత్తింది. "ఇంకా ఉందత్తయ్యా. చదవమంటారా?"

"చదువు."

చివరిదాకా చదివింది. లైసెన్సు మాట గానీ ఆసుపత్రి మాట గానీ ఎక్కడా లేదు.

"నీకు తెలుసా ఇది?"

"లేదత్తయ్యా." కాగితం బల్ల మీద పెట్టి, అంచులు సరిచేసింది. "తెలిస్తే ఇంత గట్టిగా చదివేదాన్నా?"

బైండింగమ్మకి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక గది చుట్టూ చూసింది. మిషను, ప్రెస్సు, చట్రం, అన్నీ మబ్బులో నిలబడ్డ మనుషుల్లా ఉన్నాయి. తొలగించుటకు. ఆ ఒక్క మాట ఆవిడ తనలో తను మళ్ళీ అనుకుంది. ఇల్లు అమ్ముతారో లీజుకిస్తారో ఆ తర్వాత సంగతి. నలభై రోజుల తర్వాత కంటి కట్టు విప్పుకుని వచ్చేసరికి ఈ గది ఉండదు. తను కొత్త కన్నుతో చూడబోయేది ఖాళీ గోడలని.

"సరే. నువ్వు డ్యూటీకెళ్ళు. ఎవరితో అనకు."

"మీ అబ్బాయితో కూడానా?"

"వాడితో నేను అంటాను."

రెండు వీధుల అవతల, మేడ మీద లాయరమ్మ ఆఫీసు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చట్టాల పత్రికలన్నీ బైండింగమ్మ దగ్గరే బైండు అవుతాయి. పూర్తయిన ఆరు సంపుటాలు సంచిలో వేసుకుని, వాటి మధ్య ఫైలు దోపి, మెట్లు కాలితో తడుముకుంటూ ఎక్కింది. మెట్లు పదిహేడు. లెక్క తప్పలేదు.

"ఇంత మోసుకొచ్చావేం? కబురు పెడితే మా గుమాస్తా వచ్చేవాడుగా!" అంది లాయరమ్మ.

"మీ గుమాస్తాకి చెప్పే పని కాదు." ఫైలు తీసి ముందు పెట్టింది.

లాయరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది. మూడో పేజీ రెండుసార్లు చదివింది.

"ఎవరు రాయించారు?"

"మా అల్లుడు."

"బాగా రాయించాడు. కన్నం ఎక్కడా లేదు. సంతకం పెట్టావా?"

"లేదు. రేపు."

"అమ్మయ్య." వెనక్కి వాలింది. "ఇరవై ఏళ్ళుగా నీకు లా పుస్తకాలిస్తున్నా. ఒక్కటీ తెరిచి చదవలేదా?"

"చదువుతూ కూర్చుంటే కుట్టేదెవరు? ఇప్పుడు చెప్పండి."

"అయితే విను. పవర్ ఆఫ్ అటార్నీ అంటే నీ చెయ్యి ఇంకొకరికి అరువివ్వడం. అందులో రాసినంత మేరకి, అతను పెట్టే సంతకం నువ్వు పెట్టినట్టే. అతను లీజు కాగితం మీద పెట్టాడనుకో, తర్వాత నువ్వొచ్చి 'నాకు తెలీదు' అంటే ఎవరూ వినరు."

"నా చెయ్యి అరువిచ్చేశాక నాకు చెయ్యి మిగులుతుందా?"

"మిగులుతుంది. ఆ సంగతే చాలామందికి తెలీదు. ఇచ్చినా నీ హక్కు నీదే. నువ్వూ సంతకం పెట్టొచ్చు, అతనూ పెట్టొచ్చు. నీ తెలివి నీకున్నంతకాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కానీ మనసులో రద్దు చేసుకుంటే చాలదు. కాగితం మీద రాసి అతనికివ్వాలి, అతను దాన్ని చూపించిన ప్రతి ఆఫీసుకీ తెలియజెయ్యాలి. ఈలోగా అతను చేసేసిన పనులు మాత్రం నీ నెత్తినే."

"నా కన్ను బాగయ్యేదాకానే అన్నాడు."

"ఎక్కడ రాశాడు?"

"నోటితో అన్నాడు."

"నోటికి నోటరీ ముద్ర వెయ్యడు. ఇది జనరల్ పవర్. అన్ని పనులకీ, అన్ని రోజులకీ. స్పెషల్ అని ఇంకో రకం ఉంది. ఫలానా పని, ఫలానా తేదీ వరకు, అని రాస్తాం. ఆ పనైనా అయిపోవాలి, ఆ తేదీ అయినా రావాలి, దాంతో అదీ అయిపోతుంది."

"నేను పోతే?"

"నీతోపాటే పోతుంది. నీ తర్వాత ఇల్లు ఎవరిదన్నది దీంతో తేలదు, దానికి వీలునామా వేరే ఉంది. ఇంకోటి. నీకు తెలివి తప్పే స్థితి వచ్చిందనుకో, ఈ మామూలు కాగితం పనిచెయ్యదు. అప్పుడు నీవాళ్ళు కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకోవాలి. ఇప్పుడు నీకు ఆ బెంగేమీ లేదు, కంటికేగా ఆపరేషను."

బైండింగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండిన జిగురు గోటితో గీకుతోంది. "అయితే అసలు ఇవ్వనే కూడదంటారా?"

"ఎందుకు కూడదు? మరి నీ కాలేజీ సరుకు ఎవరందిస్తారు? లైసెన్సుకి ఎవరు వెళ్తారు? నా మోకాలి ఆపరేషనప్పుడు మా చెల్లెలికి నేనూ ఇచ్చాను, నా పాత కారు అమ్మిపెట్టమని. అమ్మింది. కారు పోయింది, కాగితం చెల్లిపోయింది. కొనేవాణ్ణి వెతకలేక చచ్చానని మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ దెప్పుతుంది."

"ఎవరికివ్వాలో కూడా చెప్పండి."

"అది నా పుస్తకాల్లో ఉండదు," అంది లాయరమ్మ, కొత్త సంపుటం ఒకటి తెరిచి, అట్ట ఎంత మెత్తగా తిరుగుతుందో చూసి, మూస్తూ.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఆవిడ ప్రెస్సు చక్రం బిగిస్తోంది. బట్టలు మార్చుకోకుండానే వచ్చి సాయం పట్టబోయాడు.

"వద్దు, బిగువు తెలిసిన చెయ్యి పట్టాలి," అంది. చక్రం ఇంకో పావు చుట్టు తిప్పి, "మూడో పేజీ చదివావా?" అని అడిగింది.

కొడుకు బల్ల మీద పడి ఉన్న చీటీ ఒకటి చేతిలోకి తీసుకుని, దాని మూల చింపడం మొదలుపెట్టాడు.

"బావ చూపించాడు."

"ఎప్పుడు?"

కొడుకు చీటీ ఇంకో మూల చింపాడు. "శనివారం."

ఆవిడ చక్రం వదిలేసింది. ఆదివారం అల్లుడు వేరే పేజీ చదువుతుంటే వీడు పక్కనే ఉన్నాడు. గాలి రాదని, గదిలో దుమ్మని, తల్లి కంటి కోసం అక్కతో అంతసేపు వాదించిన నోరు, ఆ పేజీ దగ్గర మూసుకుపోయింది.

"ఫోన్ల కంపెనీవాళ్ళు అడుగుతున్నారమ్మా. ముందు గది తొమ్మిదేళ్ళ లీజుకి. ఇలాంటి వీధిలో అలాంటివాళ్ళు మళ్ళీ రారట. ఇంకెన్నాళ్ళు చేస్తావు ఈ చాకిరీ? నీకు ముందే చెబితే ఒప్పుకోవని... ఆపరేషన్ ముందు బెంగ పెట్టుకుంటావని..."

"ఒప్పుకోనని తెలుసన్నమాట."

"నీ మంచికేనమ్మా."

"నా మంచి నాతో చెప్పకుండా చెయ్యాల్సినంత రహస్యమా? నేనేమన్నా దాన్ని వీధిలో చాటుతానా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాడికి సుళువయ్యేది, అరిచిందని అనుకుని లేచి పోయేవాడు. ఆ చీటీ వాడి చేతిలో గింజంత ముక్కలై పోయింది. "అది కాలేజీవాళ్ళ అట్టల కొలతల చీటీ. మళ్ళీ రాసి పెట్టు. నాకు కనపడదు."

కొడుకు కూర్చుని ముక్కలు పేర్చుకుంటూ మళ్ళీ రాశాడు. ఆవిడ పక్కన నిలబడి ఒక్కో కొలతా పైకి చదివించుకుంది.

బుధవారం పొద్దున కొడుకు ఆఫీసుకెళ్ళాక కోడలి దగ్గరికి తనే వెళ్ళింది వంటింట్లోకి. మామూలుగా ఆ వేళప్పుడు వెళ్ళదు. కోడలు స్టవ్వు మంట తగ్గించింది.

"నా పని రెండు ఆఫీసుల్లో ఉంది. నలభై రోజులు. కాలేజీ, మున్సిపాలిటీ. నీ పేర రాయిస్తా. వెళ్తావా?"

"నేనా?" అంది కోడలు. "వదినగారు ఉండగా, అన్నయ్యగారు ఉండగా, మీ అబ్బాయి ఉండగా?"

"వాళ్ళందరూ ఉన్నారు. అందుకే నిన్నడుగుతున్నా. నిన్న ఆ పేజీ నువ్వు మధ్యలో ఆపెయ్యొచ్చు. 'ఏమీ లేదత్తయ్యా, లైసెన్సు సంగతే' అనొచ్చు. నాకు కనపడదుగా! నీ మొగుడు శనివారమే చూసి నాకు చెప్పని మాటలు నువ్వు నా మొహం మీద చదివావు."

కోడలు గరిటె కడిగింది. అప్పటికే కడిగి ఉన్న గరిటె అది. "మీకేం, మీరు కట్టు కట్టుకుని పడుకుంటారు. పొద్దున్నా సాయంత్రం నన్ను నమిలేది వాళ్ళు."

"నిజమే. వద్దంటే వద్దను. నేను ఇంకోదారి చూసుకుంటా."

"వద్దనలేదు." గరిటె పెట్టేసింది. "రెండు షరతులు. నాకు మధ్యాహ్నం డ్యూటీ, ఏ ఆఫీసు పనైనా పొద్దున పూటే. రెండోది, నా చేతిలోంచి ఇంకెవరి చేతికీ ఈ అధికారం పోకూడదని కాగితంలోనే రాయించండి. ఇల్లూ గదీ నేను ముట్టుకోకూడదని కూడా రాయించండి. రేపు మీ అబ్బాయో అన్నయ్యగారో ఇలా ఇవ్వు, అలా సంతకం పెట్టు అంటే, 'నేనేం చెయ్యను, రాతలో లేదు' అంటాను. నేను కాదన్నట్టుండదు, కాగితం కాదన్నట్టుంటుంది."

బైండింగమ్మ ఆ పిల్లని మబ్బులోంచే తేరిపార చూసింది. తనని కాపాడుకోవడానికి హద్దులు గీయించుకోవాలనుకుంది తను. ఆ హద్దులు అవతలి మనిషినీ కాపాడతాయన్నది తనకి తట్టలేదు, లాయరమ్మకీ తట్టలేదు.

"ఆరేళ్ళయింది నువ్వీ ఇంటికొచ్చి. ఇంత బుర్ర ఎక్కడ దాచావు?"

"మీరు అడగలేదత్తయ్యా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో మొహం కనపడక తెలియలేదు. ఉన్నా తప్పులేదనుకుంది.

పదింటికి ఇద్దరూ లాయరమ్మ ఆఫీసులో ఉన్నారు. కాగితం ఒక్కటే పేజీ అయింది. సంతకం పెట్టే ముందు బైండింగమ్మ దాన్ని ముగ్గురి చేత చదివించుకుంది. మొదట లాయరమ్మ, తర్వాత కోడలు, తర్వాత గుమాస్తా. మూడుసార్లూ ఒకే మాటలు వచ్చాయి. అప్పుడు పెన్ను పట్టుకుంది. కోడలు ఆవిడ వేలు తీసుకుని చోటు చూపించబోతే, "ఆఖరి వాక్యం కింద, కుడి పక్కకి, అంతేగా? ఉండు, నేనే వెతుక్కుంటా," అని అంచు పట్టుకుని కొలుచుకుని పెట్టింది. నోటరీ కింది అంతస్తులోనే ఉంటాడు. అతను, "మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?" అని మామూలు ప్రశ్న అడిగాడు.

"ఇదే నా ఇష్టం," అంది ఆవిడ. అతను తలెత్తి చూసి ముద్ర గట్టిగా వేశాడు.

కోడలు ఆవేళ డ్యూటీకి సెలవు పెట్టింది.

సరిగ్గా అయిదింటికి అల్లుడు కారు ఆపాడు. కూతురు కూడా వచ్చింది, ఆసుపత్రికి కావలసిన తువ్వాళ్ళు, నల్ల కళ్ళద్దాలు సంచిలో పెట్టుకుని. కొడుకు త్వరగా వచ్చేశాడు. నిన్నటినుంచీ వాడు ఇంట్లో మెల్లిగా నడుస్తున్నాడు.

"తయారేనా అత్తయ్యగారూ? ఆరింటికి నోటరీ వెళ్ళిపోతాడు."

"కూర్చోండి బాబూ. అందరూ కూర్చోండి."

ముందు గదిలో కుర్చీలు రెండే. కూతురు స్టూలు లాక్కుంది. కొడుకు కట్టల మీద కూర్చోబోయి, తల్లి చూపు చూసి నిలబడిపోయాడు. కోడలు వంటింటి గుమ్మం దాటి లోపలికి వచ్చి, మిషను పక్కన నిలబడింది. ఆవిడ కుట్టు చట్రం ముందు తన పీట మీద కూర్చుని, అల్లుడు తెచ్చిన ఫైలు రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

"మీ కాగితాలు. సంతకం పెట్టలేదు. ఆదివారం మీరు చదివిన మూడో పేజీ ఇందులో లేదు."

అల్లుడి నవ్వు మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"అదా! లాయరు అన్నీ ఒకదాంట్లోనే ఉంటే మేలన్నాడు. మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని..."

"ఏ మూడో పేజీ? ఏవండీ, ఏ మూడో పేజీ?" అంది కూతురు మొగుడి వైపు తిరిగి. ఆయన ఫైలు సంచీలో పెట్టుకోసాగాడు. తమ్ముడి వైపు చూసింది. వాడు నేల చూశాడు. "అమ్మా, నాకు తెలీదే!" అంది.

"తెలీదనే అనుకున్నా," అంది తల్లి. చెయ్యి చాచి కూతురి మోకాలి మీద వేసింది, అలాగే ఉంచింది.

"అయితే నా మీద నమ్మకం లేదన్నమాట," అన్నాడు అల్లుడు. "సరే. మరి రేపట్నించి కాలేజీకి ఎవరు తిరుగుతారు? మున్సిపాలిటీలో ఎవరు నిలబడతారు? మీరేమో కదలకూడదు."

"తిరగడానికి మనిషి ఉంది. కోడలమ్మాయికి రాసిచ్చాను. పొద్దున సంతకమైంది, ముద్రా పడింది. రెండే పనులు. కాలేజీ సరుకు అందించి రసీదు తీసుకోవడం, లైసెన్సు తిరగరాయించడం. ఇవాళ్టినుంచి నలభై రోజులు. నలభై ఒకటో రోజు అది ఉత్త కాగితం. ఇల్లు, ఈ గది, ఈ సామాను అందులో లేవు. ఆ పిల్ల తన బదులు ఇంకొకరిని పెట్టడానికి లేదు. కాబట్టి దాన్ని ఎవరూ ఏమీ అడగొద్దు, అడిగినా ఇవ్వలేదు. కాలేజీకీ మున్సిపాలిటీకీ కాపీలు వెళ్ళాయి."

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. "నాకొక్క మాట చెప్పలేదే?"

"మీరు శనివారం నాకు చెప్పారా?" అంది కోడలు. గట్టిగా అనలేదు. మిషను మీద దుమ్ము వేలితో తుడుస్తూ అంది.

వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక మొరాయిస్తోంది. కూతురు స్టూలు తల్లికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంది.

"ఫోన్ల కంపెనీవాళ్ళకి ఏం చెప్పమంటారు?" అని అడిగాడు అల్లుడు చివరికి. ఈసారి గొంతులో వార్తలు చదివే నిమ్మళం లేదు.

"ఈ గదిలో షాపు ఉందని చెప్పండి," అంది బైండింగమ్మ. ఆగిపోయిన సూదికి దారం ఎక్కించుకుంటూ, మొహం ఎటూ తిప్పకుండా, అందరికీ వినపడేలా అంది: "రేపు పొద్దున ఏడింటికి ఆసుపత్రికి నాతో ఎవరొస్తారో మీలో మీరు తేల్చుకోండి. ఎవరొచ్చినా నాకు సంతోషమే. షాపు మాత్రం తొమ్మిదింటికి కోడలమ్మాయి తెరుస్తుంది."